కోటా ఎవరిది?

ఒలింపిక్స్ షూటింగులో క్వాలిఫయింగ్ పోటీల్లో గెలిచి తెచ్చే కోటా గెలిచినోళ్లది కాదు, దేశానిది. మన హైదరాబాదు ఈషా సింగ్ 2024 జనవరిలో జకార్తాలో బంగారు పతకం గెలిచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కోటా తెచ్చింది. ఢిల్లీ, భోపాల్‌లలో ట్రయల్స్ అయినంక ఆ పోటీకి వేరేవాళ్లు పోయిన్రు. ఈషా పారిస్‌లో ఆడింది 25 మీటర్ల పిస్టల్. ముందు అన్యాయమనుకున్న. కానీ జనవరిలో కుదిరిన గురి జులై దాకా ఉంటదా? ఆమెకు రెండో దారి దొరికింది కూడా ఆ ట్రయల్స్‌లోనే కదా!

మన హాస్టల్లో మాత్రం ఒకసారి పేరు పడితే పడ్డట్టే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎక్కడ పోటీలైనా పోయేది వాళ్లే. ఆరో తరగతి పిల్లలు చెప్పుల్లేకుండా ఉరికి వాళ్లను దాటేస్తున్నరు. పోయే వారం ముందు అందరినీ ఉరికించి, టైము రాసి ఈ గోడకే అంటించాలని పీఈటీ సారును, వార్డెన్ సారును కోరుతున్న. టీములో నా పేరు కూడా ఉంది. పోతే పోనీ.