నాయన రుమాలు

మీ ఇంట్లో ఎనభైల నాటి పెళ్లి ఆల్బమ్ ఉంటే ఒకసారి తీసి చూడండి. పందిరి, పెళ్లికూతురు, అయ్యగారు, వెనకాల నిలబడ్డ చుట్టాలు... అందరూ ఎర్రబారి ఉంటారు. జనగామలో 1987లో జరిగిన మా అక్క పెళ్లి ఆల్బమూ అంతే. బీరువాలో బట్టల కింద, ఎండ పొడ తగలకుండా దాచినా అట్లాగే అయింది. రంగుల ప్రింటులో ఉండేవి మూడే రంగులు. పసుపు, మెజెంటా, సయాన్ అనే ఒక రకం నీలం. ఆ కాలపు చాలా ప్రింట్లలో చీకట్లో ఉంచినా ముందు వెలిసిపోయేది సయానే. ఎరుపును అదుపులో పెట్టేది అది. అది తగ్గేసరికి ఎరుపు పొంగుకొస్తుంది.

మా నాయన రంగుల్లో కనిపించేది ఆ ఆల్బమ్‌లోనే. గోడకు పెట్టడానికి ఒక ఫొటో బాగుచేసి పెద్దది చేయించమని అక్క తన కొడుకును అడిగింది. వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "ఏముంది మామా, పది లైన్ల ప్రోగ్రాం" అన్నాడు. ఆ పది లైన్లకు మూడు ఆదివారాలు పట్టింది.

కంప్యూటర్‌కు ఫొటో అంటే లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. ఒక్కోటీ 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఎరుపు సంగతే తీసుకుందాం. 256 గంపలు వరసగా పెట్టి, ఏ చుక్కను దాని అంకె ఉన్న గంపలో వేస్తూ పోతే గంపల మీద కుప్పలు లేస్తాయి. ఆ కుప్పల వరసే హిస్టోగ్రామ్. మా అక్క ఫొటోలో ఎరుపు కుప్పలన్నీ కుడిచివర కిక్కిరిసి ఉన్నాయి. నీలం కుప్పలేమో ఎడమకు ఒదిగి ఉన్నాయి.

మొదట వాడు చేసింది సాగదీయడం. ఒక రంగులో అంకెలు 40 నుంచి 150 దాకానే ఉన్నాయనుకోండి. ప్రతి అంకెలోంచి 40 తీసేసి, 110తో భాగించి, 255తో గుణిస్తే అవి 0 నుంచి 255 దాకా పరుచుకుంటాయి. తొలిసారి ఫొటో అంతా అమావాస్య అయింది. భాగహారంలో పూర్ణాంకాలే ఉంచమని రాశాడట, భిన్నాలన్నీ సున్నాలైపోయాయి. అది దిద్దాక అసలు మార్పే లేదు. స్కానర్ అద్దం మీద నలుసులు పడి అటు 0, ఇటు 255 ముందే ఉన్నాయి మరి. ఇంత ఫొటోను నలుసంత నలుసు ఆపేసింది!

రెండో ఆదివారం మూడు రంగుల సగటునూ, పరుపునూ సమానం చేశాడు. నాయన మొహం తేటపడింది, నాకు కళ్లు చెమర్చాయి. అక్క మాత్రం చూసి ఫోన్ పక్కన పెట్టేసింది.

"నా చీర పసుపునీళ్లల్ల ముంచి కట్టిన్రు రా. గిట్ల తెల్లగ ఎట్లయింది?"

తప్పు ప్రోగ్రాందే. మూడు రంగులూ సమానంగా ఉండాలని దానికి చెప్పాం. ఆ ఫొటో నిండా పసుపు చీర, పసుపు గుడ్డ. ఆ పసుపునూ వెలిసిన మరకే అనుకుని అది కడిగేసింది. మహబూబాబాద్‌లో మిర్చి ఆరబోసిన కల్లం ఫొటో తీసి ఇదే లెక్క కట్టిస్తే మిరపకాయలకు బూడిద పులుముతుంది. కల్లంలో ఎరుపే ఎక్కువ ఉండాలని దానికేం తెలుసు?

"సరే అమ్మా, ఈ ఫొటోల తెల్లగ ఉన్నదేంది, నల్లగ ఉన్నదేంది?" అని అడిగాడు వాడు.

"మీ తాత రుమాలు. ఆ పొద్దే గంజి పెట్టి ఉతికిన. చేతిల గొడుగు నల్లది."

దాంతో దారి దొరికింది. రుమాలు దగ్గర ఎరుపు 245, ఆకుపచ్చ 210, నీలం 190. గొడుగు దగ్గర 110, 40, 35. మూడు రంగుల్లోనూ రుమాలు 240కి, గొడుగు 20కి వచ్చేలా లెక్క సరిచేశాడు. మిగతా చుక్కలన్నీ వాటి వెంబడే కదిలాయి. చీర పసుపుకు తిరిగొచ్చింది.

ఈ పని ఇళ్లలో ఆల్బమ్‌లకే కాదు, అడవులకూ చేస్తారు. మన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం 1988 మార్చి 17న నింగికెగసిన నాటి నుంచీ హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారికి ఇది నిత్యకృత్యం. ఆకులు కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా తిప్పికొడతాయి. దానికి తెర మీద ఎరుపు రంగు ఇస్తారు కాబట్టి భూపాలపల్లి అడవి ఆ బొమ్మల్లో ఎర్రగా ఉంటుంది. మేం వదిలించుకోవాలని తంటాలు పడ్డ ఎరుపే అక్కడ కావలసింది. ఒకప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉండి 2019లో ములుగు జిల్లాకు వెళ్లిన తాడ్వాయి అడవుల్లో 2024 ఆగస్టు 31న పెనుగాలికి వేలాది చెట్లు కూలాయి. అలాంటప్పుడు ముందు బొమ్మనూ తర్వాతి బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకరోజు మంచుతెర, ఇంకోరోజు ఏటవాలు ఎండ ఉంటే నిలబడ్డ చెట్టు కూడా లేనట్టే కనిపించవచ్చు. అందుకే రెండు బొమ్మల్లోనూ మారని వాటిని, బండరాయినో, రోడ్డునో, పెద్ద కప్పునో పట్టుకుని మిగతా అంకెలను సర్దుతారు. ఆ రోడ్డే వాళ్లకు మా నాయన రుమాలు.

ఫొటో అక్క ఇంట్లో గోడకెక్కింది. ఆల్బమ్‌లో ఇంకా 37 ఉన్నాయి. నాయన 26 వాటిలో ఉన్నాడు. మిగిలిన 11 ముందేసుకుని, దేంట్లో ఏది తెల్లగా ఉండేదో గుర్తుచేసుకుంటూ కూర్చుంది అక్క.