మొగ తెరచుట యొక యెత్తు, తెరచి యుంచుట యొక యెత్తు

పులికాటు సరస్సు చుట్టునున్న గ్రామములలో మేము పైరులనుగూర్చి మాటలాడునపుడు రైతులు తరచుగా ఒక ప్రశ్న వేయుచున్నారు. "చేపలు వచ్చుటకై మొగ త్రవ్వవలెనని కోట్ల రూపాయల మాట చెప్పుచున్నారు. మా కాలువల పూడిక తీయుటకే సొమ్ము చాలదు గదా! ఈ ఖర్చుతో మాకేమి పని?" ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుట మా విధి యని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మనదేశమున చిలికా తరువాత ఉప్పునీటి సరస్సులలో పెద్దది పులికాటు. దాని సగటు లోతు నిలువెత్తు కూడ లేదు. ఇంచుమించు ఒక మీటరు మాత్రమే. కాళంగి, అరణి మొదలగు ఏళ్ళ మంచినీరు ఒకవైపునుండియు, పోటునీరు మరియొకవైపునుండియు వచ్చి కలియుటయే దాని జీవము. ఉత్తరమున రాయదొరువు, కొండూరుపాలెములవద్దను, దక్షిణమున పళవేర్కాడువద్దను సముద్రమునకు త్రోవలు గలవు. రొయ్య సముద్రములో గ్రుడ్లుపెట్టును. దాని పిల్లలు పోటుతో లోనికి వచ్చి, సరస్సులో పెరిగి, మరల సముద్రము చేరును. పాలబొంత పిల్లలును అట్లే వచ్చును. తల్లి మండపీత గ్రుడ్లు విడుచుటకు సముద్రమునకు పోవును. మొగ పూడెనా, ఈ రాకపోకలన్నియు నిలిచిపోవును. అది తూము మూసివేసిన కాలువక్రింద నారు పోసి పంటకై యెదురుచూచుటవంటిది.

మొగ యేల పూడును? ఈ తీరమున కెరటములు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలము ఉత్తరమునకు నెట్టుచుండును. కార్తీకమాసపు వానలకు వరద వచ్చినపుడు నీటివడి ఆ ఇసుకను త్రోసివేయును. వేసవిలో వడి తగ్గగానే ఇసుక మరల మేట వేయును. అప్పుడు లోని నీరు ఎండి, సముద్రజలముకంటె ఎక్కువ ఉప్పెక్కును. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు సరస్సుమీదుగా వేసిన రోడ్డుకట్ట కూడ ఉత్తరభాగమునకు నీటి రాకపోకలను తగ్గించినది.

ఇది జాలరులకు మాత్రమే నష్టమా? కాదు. పల్లపు పొలముల వరదనీరు పోవలసినదియు సరస్సు ద్వారముననే. మొగ మూసికొన్నచో ఆ నీరు ఆలస్యముగా దిగును. వల ఖాళీగా వచ్చిన యింట బియ్యము కొనుటకు డబ్బుండదు. ఆ యింటివారు కూలికై పట్టణములకు వలసపోవుదురు. మన సంతలు వెలవెలబోవును.

చిలికాను చూడుడు. అచ్చటను మొగ పూడి చేపలు తగ్గెను. 2000 సంవత్సరము సెప్టెంబరులో సముద్రమునకు క్రొత్త త్రోవ త్రవ్విరి. అంతకుముందు ఏడాదికి సుమారు 1,700 టన్నులుగా నున్న చేపల రాబడి 2001-02లో దాదాపు 12,000 టన్నులకు పెరిగెను. 2002లో ఆ పనికి రామ్‌సార్ అంతర్జాతీయ బహుమానము లభించెను. అయితే అచ్చట త్రవ్వి విడిచిపెట్టలేదు; సరస్సును నిత్యము కనిపెట్టియుండుటకు ప్రత్యేకసంస్థ యున్నది. మనము నేర్వవలసిన పాఠమిదియే.

కాబట్టి మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. ఒక్కసారి పెద్దమొత్తము మంజూరుచేసి, యంత్రములు తెచ్చి, ఇసుక తీసి, ఫోటోలు తీయించుకొని పోవుట వ్యర్థము. రెండుమూడేండ్లలో సముద్రుడు ఆ సొమ్మును ఇసుకతో కప్పివేయును. మంజూరుచేయు ప్రతి నిధిలోను ఏటేట మరమ్మతునకు కొంతభాగము విడిగా నుంచవలెను. రోడ్డుకట్టక్రింద నీటిదారులు వెడల్పు చేయవలెను. ఖర్చు లెక్కలను జాలరుల సహకారసంఘములును, రైతుల సంఘములును కలిసి చూడవలెను.

మొగ తెరచినచో ఉప్పునీరు పల్లపు చేలలోనికి ఎగదన్నునను భయము నిజమైనదే. దానికి మురుగుకాలువల మొగదల తలుపులు కావలెను. కాని తలుపులను ఎల్లప్పుడు మూసియుంచిన చేపపిల్లలకు త్రోవ లేదు. ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో ఇరువురును కూర్చుండి నిర్ణయించుకొనవలెను. ఇది ప్రభుత్వపు ఉత్తరువుతో తేలునది కాదు.

పూర్వము మన పెద్దలు కుడిమరామతు పేరిట కాలువల పూడికను తామే తీసికొనుచుండిరి. ఆ యాచారమును నిలుపుటకు 1858లో చెన్నరాజధానిలో చట్టమును గూడ చేసిరి. ఆ పట్టింపు నేడు మొగ విషయమునను కావలెను. మురుగుకాలువలకు అడ్డముగా మట్టికట్టలు వేయకుండుట, పురుగుమందు డబ్బాలను ఏటిలో కడుగకుండుట మన చేతిలోనే యున్నవి. వీనికి ఏ నిధియు అక్కరలేదు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, ఏటేటి మరమ్మతు నిధికై తీర్మానము చేసి పంపవలసినదిగా సంఘసభ్యులను కోరుచున్నాము. వల యెండినచోట నాగలి చల్లగా నుండదు.