పాట యొకరిది, పైక మొకరిది

ఈ మాసమున జమైకా ద్వీపవాసిని యగు నొక గాయకురాలిని గూర్చి మీతో ముచ్చటింప దలచితిమి. ఆమె పేరు ఓఫ్లిన్ రస్సెల్. సిస్టర్ నాన్సీ యని ప్రసిద్ధి. ఆ ద్వీపమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1962వ సంవత్సరముననే కింగ్‌స్టన్ నగరమున, 15 మంది సంతానములో నొకతెగా జన్మించెను.

ఆ నగరమున రాత్రులందు ఆరుబయట పెద్ద లౌడుస్పీకర్లను గోడవలె పేర్చి, రికార్డులు మ్రోగించి జనము నాడించు మేళములు కలవు. వానిని సౌండ్ సిస్టమ్‌లందురు. రికార్డులు మార్చువాడు సెలెక్టరు. వాద్యము మ్రోగుచుండగా మైకు చేబట్టి, తాళము దప్పక అప్పటికప్పుడు మాటలల్లి వినిపించువాడు డీజే. మన యాశుకవులకు ఛందస్సెట్టిదో వారికి ఆ వాద్యమట్టిది. ఆ పని మగవారిదే యని యెల్లరు నెంచెడివారు. అర్ధరాత్రమున ఆడుపిల్లకు వీధిలో పాటయా యని మన పెద్దలైన నేమందురో మనకు దెలియును గదా! ఆమె యన్న బ్రిగేడియర్ జెర్రీ పేరొందిన డీజే. ఆమెయు 15 యేండ్ల ప్రాయముననే మైకు పట్టెను.

1982లో విన్‌స్టన్ రైలీ నిర్మించిన ‘వన్ టూ’ రికార్డునకు ఒక్క పాట తక్కువైనది. ఆ లోటు పూరించుటకు జేర్చినదే ‘బామ్ బామ్’. పల్లవి 1966లో మేటల్స్ బృందము పాడిన పాటలోనిది. తక్కిన యల్లిక యీమెది. స్వదేశమున దాని నంతగా నెవరును బట్టించుకొనలేదు. 1996లో నాన్సీ అమెరికాకు వలసపోయి, న్యూజెర్సీలో బ్యాంకు లెక్కలు చూచు నుద్యోగమున గుదురుకొనెను. పాట మాత్రము దేశదేశములు దిరిగెను. 1998లో ‘బెల్లీ’ యను చలనచిత్రమున జేరెను. ఇతర గాయకులందలి ముక్కలను దమ పాటలలో నదుకుకొనిరి. పగలెల్ల నొరుల లెక్కలు సరిచూచు నామెకు దన పాట లెక్క చూపినవారు లేరు. 32 సంవత్సరములు రాయల్టీ రాలేదు.

2014లో నొక బూట్ల కంపెనీ ప్రకటనలో దన గొంతు విని, ఇక నూరకుండరాదని న్యాయవాదుల నాశ్రయించెను. గడచిన 10 యేండ్ల రాయల్టీయు, హక్కులో సగమును దక్కినవి. తక్కిన యేండ్ల సొమ్ము పోయినట్లే.

స్త్రీ శిల్పముచే నార్జించిన ధనముపై భర్తకే స్వామ్యమని కాత్యాయనుడు చెప్పెను. బాల్యమున జదివిననాడే మాకది రుచింపలేదు. ఈమె కథ విన్నపిమ్మట మఱింత రుచింపలేదు.

2017లో జే-జీ యను అమెరికా గాయకుడు ‘బామ్’ అను పాటకు మరల ఆమె పాటనే వాడుకొనెను. ఈసారి ఆమెను బిలిచి, కింగ్‌స్టన్‌లో దీసిన దృశ్యచిత్రమున జూపిరి.