పేరు మీద కప్పం

2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కొత్తపేట నియోజకవర్గమంతా సంబరపడింది. నేనూ పడ్డాను. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పేరున ఆ నమోదు జరిగింది. వాళ్ళు కష్టపడి తెచ్చుకున్నారు, వాళ్ళకి దణ్ణం. నా కోపమంతా ఆ తరవాతి సంగతి మీద. ఊరి పేరుకి చట్టం కాపలా దొరికింది, బాగుంది. ఆ ఊళ్ళో పొయ్యి ముందు కూర్చునే ఆడమనిషి తన సొంత పేరు డబ్బా మీద వేసుకుని, ఇది నాది అని చట్టం ముందు నిలబడాలంటే ఎంతవుతుంది? ఎవరికి కట్టాలి? అసలెందుకు కట్టాలి?

ఆ పొయ్యి దగ్గర ఒక్క పూట కూర్చుంటే ఈ ప్రశ్న ఎందుకంత మండుతుందో తెలుస్తుంది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకు మంట. నీళ్ళలా పలచన చేసిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. రెప్ప వేసేలోగా రేకు లేస్తుంది. మంట ఓ పిసరు ఎక్కువైతే మాడిపోతుంది, తగ్గితే కుండని పట్టుకుని రాదు. ఆ సెగలో పొద్దుణ్ణుంచీ కూర్చునేది ఆడవాళ్ళే. తీసిన రేకుల లెక్కన డబ్బులు వస్తాయి. వాటిలో నెయ్యీ బెల్లప్పొడీ వేసి చుట్టేది చాలాచోట్ల మరొకరు, బోర్డు కట్టి అమ్మేది ఇంకొకరు. పేరు ఆ బోర్డుదే.

ఇక నేనే చుట్టి నేనే అమ్ముకుంటాను అని ఆమె ఒకనాడు లేచి నిలబడిందనుకోండి. అక్కణ్ణుంచి మొదలవుతుంది కప్పం.

రాజమండ్రి హోటలువాడు బిల్లు అడుగుతాడు, కొట్టు పేరున ఖాతా ఉందా అంటాడు. బ్యాంకుకి వెళ్తే ఆ పేరు మీద రెండు కాగితాలు తెమ్మంటారు. రిజర్వు బ్యాంకు నిబంధన అది, బ్యాంకువాళ్ళని తిట్టి లాభం లేదు. ఆ రెండింటిలో సులువుగా దొరికేది చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్. 2020 జులై 1 నుంచి నడుస్తున్న ఈ నమోదుకి కేంద్ర ప్రభుత్వం ఒక్క పైసా తీసుకోదు. ఆధారూ పానూ ఉంటే చాలు, కాగితాలేవీ ఎక్కించక్కర్లేదు. మరి మా వీధిలో నాకు వదిన వరసయ్యే ఆవిడ అదే సర్టిఫికెట్‌కి 1,500 రూపాయలు ఎందుకిచ్చింది? ఫోన్‌లో వెతికితే ముందు కనిపించేవి సర్కారు ముస్తాబు వేసుకున్న ప్రైవేటు సైట్లు కాబట్టి. వాటి మీద జెండా రంగులుంటాయి, ‘ప్రాసెసింగ్ ఫీజు’ అన్న గడి ఉంటుంది. ఆవిడ డబ్బు కట్టాక వచ్చిన కాగితం ఉచితంగా వచ్చేదే, అక్షరం తేడా లేదు. “సర్కారు కాగితానికి సర్కారు ఫీజనుకున్నాను రా అబ్బాయ్” అంది. అలా అనుకోవడంలో ఆవిడ తప్పేముంది? ఏ కాగితానికి డబ్బులు తీసుకోకుండా ఇచ్చారు గనక ఈ దేశంలో?

దీన్ని నేను దోపిడీ అనే అంటాను. ఉచితమని నిబంధనలో రాసి, ఆ ముక్క పల్లెకి చేరకుండా వదిలేసిన ప్రభుత్వం ఆ దోపిడీలో భాగస్వామే.

తిండి వస్తువు కాబట్టి ఆహార భద్రత నమోదు కావాలి. చిన్నవాళ్ళకి ఏడాదికి 100 రూపాయలే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ హైదరాబాద్ కొట్టుకి పార్సిలు వేసిందా, జీఎస్టీ నంబరు కావాలి. మన జిల్లాలో అమ్ముకున్నంతకాలం చిన్న వ్యాపారికి అక్కర్లేని ఆ నంబరు, సరుకు రాష్ట్రం దాటితే తప్పనిసరి. 2014 తరవాత హైదరాబాద్ మనకి పక్క రాష్ట్రం కదా! ఈ నంబరుకీ సర్కారు ఫీజు లేదు. ఫీజంతా మధ్యలో కూర్చున్నవాడిది, ఆ పైన రిటర్నులు దాఖలు చేసినందుకు ఇచ్చే జీతం.

ఇన్ని చేసినా డబ్బా మీది పేరు ఆమెది కాలేదు. ఈ కాగితాల్లో ఒక్కటీ ఆ పేరు మీద హక్కివ్వదు. దానికి ట్రేడ్‌మార్కు నమోదు చెయ్యాలి. ఒక్కో తరగతికి, ఆన్‌లైన్‌లో, వ్యక్తులకీ చిన్న సంస్థలకీ 4,500 రూపాయలు. మిఠాయిలు 30వ తరగతి. అమ్మే కొట్టుకి కూడా కావాలంటే 35వ తరగతి, మరో 4,500. పెద్ద కంపెనీకి ఎంతో తెలుసా? 9,000. సినిమా హీరోని పెట్టి టీవీలో ప్రకటనలు గుప్పించే కంపెనీ కట్టేది, కొబ్బరాకు మంట ముందు కూర్చునే ఆడమనిషి కట్టేదానికి రెట్టింపు మాత్రమే. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఒక్క పేరు, ఒక్క తరగతి, దాదాపు పదిహేను రోజుల కూలి. ఇది రాయితీ అట!

అది దరఖాస్తు డబ్బు మాత్రమే. పేరొస్తుందన్న హామీ లేదు, రాకపోతే తిరిగివ్వరు. ట్రేడ్‌మార్కుల అధికారిక పత్రికలో పేరు వేశాక నాలుగు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. పెట్టారా, రెండు నెలల్లో ఈమె జవాబు దాఖలు చెయ్యాలి, దానికి మరో 2,700. ఆ గడువు దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఎదుటివాడికి వకీళ్ళుంటారు. ఈమెకి ఇంగ్లిషులో వచ్చిన ఆ నోటీసు చదివిపెట్టేవాడే ఉండడు. మన రాష్ట్రానికి ట్రేడ్‌మార్కు కార్యాలయం చెన్నైలో. భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ కూడా చెన్నైలోనే. మద్రాసు నుంచి విడిపోయి 1953లో ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నాం. పేర్లు మాత్రం ఇంకా అక్కడే అడుక్కుంటున్నాం. ఇంగ్లిషులోనో హిందీలోనో రాసిస్తేనే తీసుకుంటారు. పేరు తెలుగు లిపిలో ఉంటే దాని ఉచ్చారణా అర్థమూ ఆ భాషల్లో విప్పి చెప్పాలి. గోదావరి లంకల్లో పుట్టిన పేరు ఇక్కడి మనిషికి దక్కడానికి ఇన్ని మెట్లా?

చట్టంలో ఒక మంచి మాటుంది, దాచను. పేరుని ముందునుంచీ వాడుతున్నవాణ్ణి, తరవాత నమోదు చేసుకున్నవాడు కదిలించలేడు. వినడానికి చల్లగా ఉంది. రుజువు చెయ్యి అంటుంది కోర్టు. ఏ ఏటి బిల్లులున్నాయి, ప్రకటనలేం వేశావు అని అడుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ‘ఫలానా వాళ్ళమ్మాయి పూతరేకులు’ అని ఊరంతా అడిగి కొనుక్కున్నా ఆమె దగ్గర బిల్లు పుస్తకమే లేదు. రేకు తీసిన చెయ్యే ఆమె రుజువు, దానికి కోర్టు స్టాంపు ఎవరు వేస్తారు?

పోనీ ఊరి పేరే వాడుకుందాం, ఆత్రేయపురం ముద్ర ఉందిగా అంటారా? దానికి అధీకృత వాడుకదారుగా నమోదు కావాలి. 2020లో ఆ రుసుము 500 నుంచి 10 రూపాయలకి తగ్గించారు. మెచ్చుకోవాల్సిన పనే. కానీ నేనే తయారీదారునని ప్రమాణపత్రం రాయించి పెట్టాలి. పది రూపాయల ఫీజు వెనక స్టాంపు కాగితం, నోటరీ, రాసిపెట్టినవాడి చెయ్యి తడి, చార్జీలు. ఫీజు తగ్గించి చేతులు దులుపుకుంటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కొబ్బరి సంగతి ఇంకా ఘోరం. బావా బావమరిదీ కలిసి అంబాజీపేట మార్కెట్‌కి కాయ తోలుతుంటారు, మాట మీద వాటాలు. బయట వ్యాపారి లోడు దించుకుని డబ్బులెగ్గొట్టాడు. వీళ్ళు కోర్టుకెళ్తే మొదటి ప్రశ్న, మీ ఫర్మ్ రిజిస్టరయిందా అని. కాలేదా, 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఒప్పందం మీద దావా వేసే హక్కు ఆ ఫర్మ్‌కి లేదు. వంద రూపాయల లోపు దావాకి మాత్రం మినహాయింపు. ఆ వంద 1932 నాటి వంద, నేటికీ అలాగే ఉంది! కానీ అదే చట్టం చివర ఫర్మ్ నమోదుకి గరిష్ఠ రుసుము 3 రూపాయలని రాసిన సంగతి మాత్రం పాతబడిపోయింది. జనానికి పనికొచ్చే అంకె పెంచరు, జనం కట్టే అంకె ఆగదు.

రికార్డులు ఊరికే నడుస్తాయా, ఖర్చులకి ఫీజులుండవా అని అడుగుతారు కొందరు పెద్దమనుషులు. ట్రేడ్‌మార్కులూ పేటెంట్లూ చూసే కేంద్ర కార్యాలయం వార్షిక నివేదికలు తీసి చూడండి. ఏళ్ళ తరబడి ఆదాయం ఖర్చుకంటే ఎంతో ఎక్కువ. రికార్డుకయ్యే ఖర్చు తీసుకోవడం లేదు వాళ్ళు, పేర్ల మీద లాభం తీస్తున్నారు. బ్రిటన్‌లో 1916 నుంచి నడిపిన వ్యాపార పేర్ల రిజిస్టరుని 1982లో మూసేశారు. దాంతో అక్కడ వ్యాపారమేమీ ఆగిపోలేదు. మనకి కంపెనీ చట్టాలన్నీ నేర్పినవాళ్ళే ఆ పని చేస్తే, మనం మాత్రం పాత తాళాన్ని పట్టుకు వేలాడుతున్నాం.

నాకు కావలసినవి చెప్తాను. భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువు చేసే ప్రతి చేతివృత్తి మనిషికీ మొదటి ట్రేడ్‌మార్కు ఉచితంగా ఇవ్వాలి. పూతరేకుకీ ఉప్పాడ జాందానీకీ బందరు లడ్డూకీ ఒకటే న్యాయం. ఆ సొమ్ము కంపెనీల 9,000ని పెంచి రాబట్టుకోండి, వాళ్ళేం చిక్కిపోరు. అభ్యంతరాల మీద జవాబు తెలుగులో రాసినా తీసుకోవాలి. ఫర్మ్ నమోదు ఫీజుని మళ్ళీ 1932 నాటి తలంపుకి తేవాలి. ఆత్రేయపురంలో ఏడాదికోసారి రిజిస్ట్రీవాళ్ళే వచ్చి కూర్చోవాలి. ఇంటింటికీ తిరిగి ఓట్లడగడానికి రాగలిగే ప్రభుత్వానికి, పేరు రాసుకోవడానికి రావడం కష్టమేమీ కాదు.

వీటికి ఢిల్లీ కదలాలి, ఆలస్యమవుతుందంటారు. సరే. ఆలస్యం కానిది ఒకటుంది. 2019 అక్టోబరు నుంచి మనకి గ్రామ సచివాలయాలున్నాయి, వాటిలో డిజిటల్ అసిస్టెంట్లున్నారు. కొత్తపేట, ఆత్రేయపురం, రావులపాలెం, ఆలమూరు మండలాల్లో ప్రతి సచివాలయం గోడ మీదా పెద్దక్షరాలతో రాయించండి: ఉద్యమ్‌కి ఫీజు లేదు, జీఎస్టీ నంబరుకి ఫీజు లేదు, ఇక్కడే ఊరికే చేసిపెడతాం. ఈ వారమే రాయించండి. రంగుల డబ్బాకీ పెయింటరు కూలికీ బడ్జెట్ లేదంటే మాకు చెప్పండి, చందాలు వేసుకుని మేమే ఇస్తాం.