నిర్దోషి చెఱ – లోకుల మౌనము

విజయవాడ చేరువనున్న ఇబ్రహీంపట్నములోని వసతిగృహమున 2007 డిసెంబరులో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య చేయబడినది. అపరాధిని పట్టి శిక్షింపుడని తెలుగునాడంతయు ఘోషించినది. 2008లో పోలీసువా రొక పేద యువకుని బట్టిరి. 2010లో న్యాయస్థానము వానిని దోషి యనెను. మనము తృప్తిపడి నిద్రించితిమి. 2017లో హైకోర్టు వానిని నిర్దోషి యని విడిచిపెట్టెను. సుమా రెనిమిదేండ్ల యౌవనము చెఱసాలపాలయ్యెను. నాడు శిక్షింపుడని యఱచిన కంఠములలో నేడెన్ని 'పొరపడితిమి' అనినవి?

ఈ యన్యాయ మొక్కనిదే యందురేమో! కాదు. చచ్చిన బాలిక తల్లిదండ్రులకును అన్యాయమే జరిగినది. తప్పు మనుష్యుడు చెఱలో నున్నంతకాలము అసలు హంతకుని వెదకువా రెవరు?

ఇది యొక్కని కథయుఁ గాదు. 2022 సంవత్సరాంతమున భారతదేశపు చెఱసాలలలోని 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ముగియనివారే. వీరిలో నిర్దోషు లెందఱో! అన్యాయముగా నభియోగమునకు గుఱియైనవారికి పరిహార మిచ్చుటకు శాసనము చేయవలెనని లా కమిషను 2018లోనే చెప్పియున్నది. దానికై గొంతెత్తిన పౌరు లెందఱు?

చదువరులారా! శిక్షకై కేకలువేయుట సులభము. సాక్ష్యమేదని యడుగుట కష్టము. ఆ కష్టమునకు వెఱచుటయే మన పాపము. విడుదలైనవానిని జూచి 'నిప్పు లేనిదే పొగ రాదు' అని గొణుగుదుము. న్యాయస్థానము తెఱచిన చెఱతలుపును మరల మూయుచున్నది మన నాలుకయే.