రాత మార్చిన కేకలు

1996 జూన్ 23. అమెరికాలోని మిల్వాకీలో ప్రొఫెషనల్ రెజ్లింగ్ పోటీ ‘కింగ్ ఆఫ్ ద రింగ్’ ఫైనల్. జేక్ రాబర్ట్స్‌ను ఓడించిన స్టీవ్ ఆస్టిన్ మైకు అందుకున్నాడు. అప్పట్లో రాబర్ట్స్‌ది బైబిల్ వల్లించే భక్తుడి పాత్ర. యోహాను సువార్త 3:16ను వెటకారం చేస్తూ ‘ఆస్టిన్ 3:16’ అని కొత్త వాక్యం పుట్టించాడు ఆస్టిన్. కథ ప్రకారం అతను విలన్. వయసు మళ్లిన ప్రత్యర్థిని చితక్కొట్టి, ఆపై పవిత్ర గ్రంథాన్ని ఎగతాళి చేసినవాణ్ణి జనం ఛీకొట్టాలి.

కొట్టలేదు. ఆ అంకెలు రాసిన అట్టలు గ్యాలరీల్లో లేచాయి. నల్ల టీషర్టులు విరగబడి అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాది మార్చిలో రెసిల్‌మేనియా 13లో, నెత్తురోడుతూ స్పృహ తప్పినా ఓటమి ఒప్పుకోని ఆస్టిన్ హీరో అయిపోయాడు. పోటీలు నడిపే కంపెనీ ఆ రాత్రి చేసింది, జనం ఎప్పుడో ఇచ్చేసిన తీర్పు మీద ముద్ర వేయడమే.

ముందే రాసిపెట్టిన ఆటకు ఇంత అరుపెందుకని వెక్కిరించేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. అది వినోదమేనని 1989లో న్యూజెర్సీ చట్టసభ ముందు కంపెనీయే ఒప్పుకుంది. అరిచేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. హాల్లో ఎవరూ ముందుగా రాసిపెట్టలేనిది తమ అరుపొక్కటేనని కూడా తెలుసు.

డ్వేన్ జాన్సన్‌కు ఇది చేదుగానే తెలిసొచ్చింది. 1996 చివర్లో రాకీ మైవియాగా, నవ్వుమొహం మంచి కుర్రాడిగా వచ్చాడు. ప్రేక్షకులు ‘డై, రాకీ, డై’ అన్నారు. మరుసటి ఏడాది విలన్ల ముఠాలో చేరి, తనను తానే ‘ది రాక్’ అని పిలుచుకుంటూ ఆ ప్రేక్షకులనే తిట్టడం మొదలెట్టాడు. కొన్నాళ్లకు అతని ఊతపదాలను అతనికన్నా ముందు వాళ్లే పూర్తి చేసేవారు. బతిమాలి అడిగిన ప్రేమ దొరకలేదు, పొగరుకు దొరికింది.

డేనియల్ బ్రయాన్‌ది ఇంకా విచిత్రం. 2012 రెసిల్‌మేనియాలో షేమస్ అతణ్ణి 18 సెకన్లలో ఓడించాడు. బ్రయాన్ విలన్‌గా గొప్పలు పోతూ అరిచే ‘యెస్’ను మర్నాటి నుంచి జనం నిరసనగా ఎత్తుకున్నారు. 2014 రెసిల్‌మేనియా ప్రధాన పోటీని బ్రయాన్‌ను పక్కనపెట్టి ఆర్టన్, బటిస్టా అనే మరో ఇద్దరు రెజ్లర్ల మధ్య పెట్టబోతే, మంచివాడిగా తిరిగొచ్చిన బటిస్టా మీదే హేళన కురిసింది. చివరికి ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో బ్రయాన్ ముందు ట్రిపుల్ హెచ్‌ను గెలిచి, ఆ ఇద్దరి పోటీలోకి మూడోవాడిగా దిగి, టైటిల్ ఎత్తుకున్నాడు. ప్రేక్షకులను అమాయకులనేవాళ్లు ఆ మూడో పేరు అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి.