అక్కకి ఎవరూ లేరన్న పెద్దలకి

పెద్ద పోస్టే, కాస్త ఓపిక చేసుకుని చదవండి.

మా అక్క పోయి మూడు నెలలు కాకుండానే మేం ముగ్గురం కారవాన్ వ్యాను అద్దెకి తీసుకుని పుదుచ్చేరి వెళ్లొచ్చాం. వ్యాను ముందు టీ గ్లాసులతో నిలబడ్డ ఫోటో మాలో చిన్నవాడు స్టేటస్ పెట్టాడు. ఆ రోజు నుంచీ గ్రూపుల్లో నడుస్తున్న మాటలు మా దాకా వచ్చాయి. "సూతకం ఇంట్లో పెట్టుకుని షికార్లా?" "సినిమావాళ్లం అనుకుంటున్నారా?" "ఆ డబ్బుతో పదిమందికి అన్నం పెట్టొచ్చు కదా?" మొహం మీద అడిగితే మొహం మీదే చెప్పేవాళ్లం. అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ముందు సూతకం సంగతి. తోబుట్టువుకి పది రోజులే మైల అన్నది మీరే. పెద్దకర్మ భోజనాల్లో ఆకులు ఎత్తకముందే "ఇక మీ పనుల్లో మీరు పడండి" అన్నదీ మీరే. పనిలో పడితే లేని తప్పు వ్యానెక్కితే వచ్చిందా?

మా అక్క పెళ్లి చేసుకోలేదు. ఇరవై రెండేళ్లు పుదుచ్చేరిలోనే ఉద్యోగం చేసింది. యానాం వాళ్లకి ఇది కొత్త కాదు. 1954లో ఫ్రెంచివాళ్ల పాలన పోయినా మన ఆఫీసులకి పెద్దదిక్కు ఇప్పటికీ అక్కడే, 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. పరామర్శకి వచ్చిన పెద్దలు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "పాపం, ఆవిడకి ఎవరూ లేరు కదా, ఒక రకంగా నయమే" అన్నారు. మేం ముగ్గురం ఎదురుగానే ఉన్నాం. ఆ పెద్దలకి మంచినీళ్లు ఇచ్చింది కూడా మేమే.

సంఘం మరణ సహాయ నిధి నిబంధనల్లో కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు. అంతే. మా అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు కాబట్టి అక్క సంతాప తీర్మానం ఎవరికీ ఇవ్వకుండా "వారసులు లేరు" అని ఫైల్లో పెట్టేశారు. ఆ సొమ్ము మాకొద్దు. కానీ భర్తా పిల్లలూ తల్లిదండ్రులూ లేని ఆడమనిషికి తండ్రి వారసులు, అంటే తోబుట్టువులే, వారసులని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. చట్టానికి కనబడ్డవాళ్లం సంఘానికి కనబడలేదు.

ఇక ప్రయాణం. అక్క గది ఖాళీ చేసి సామాను తెచ్చుకోవాలి, అదొక కారణం. దానికి కారవాన్ అక్కర్లేదు, ఒప్పుకుంటాం. అసలు కారణం వేరు. అక్కని అంబులెన్సులో తెచ్చిన రాత్రి ఫ్రీజర్ పెట్టె మోత తప్ప ఆ దారంతా మాకేమీ గుర్తులేదు. దారిని అలాగే వదిలేస్తే మళ్లీ జన్మలో అటు వెళ్లలేమనిపించింది. అందుకని నెమ్మదిగా, ఆగుతూ వెళ్లాం. ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరున్న వంతెన మీద ఆగాం. అది లేని రోజుల్లో పంటు మీద గోదావరి దాటుతుంటే మా ముగ్గురి చేతులూ అక్కే పట్టుకునేది. చించినాడ వంతెన మీద ఆగాం. చీరాలలో అక్కకి ఇష్టమైన నేతచీర ఒకటి కొన్నాం. ఎవరికోసమో తెలీదు, చెల్లి ఇంకా మడత విప్పలేదు.

బాపట్ల దగ్గర సూర్యలంకలో రాత్రి వ్యాన్లోనే పడుకున్నాం. ఇంటి వాటా దగ్గర మాలో ఇద్దరికి రెండేళ్లుగా మాటల్లేవు. ఆ ఇరుకులో ఎవరూ విసురుగా లేచి పోవడానికి చోటు లేదు. రాత్రి రెండింటి దాకా మాట్లాడుకున్నాం, ఏడ్చాం. అవును, నవ్వాం కూడా. అక్క చేసిన ఉప్పులేని పులుసు తలుచుకుంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

పుదుచ్చేరిలో ఇంటి ఓనరమ్మ తమిళావిడ. గది తాళం చేతిలో పెడుతూ "సాప్టీంగళా?" అంది. తిన్నారా అని. మా ముగ్గురి పేర్లూ ఆవిడకి తెలుసు, సాయంత్రమైతే అక్క మా కబుర్లే చెప్పేదట. మనిషిని పోగొట్టుకున్నది మేమే అన్నట్టు మాతో మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. మన ఊరు కాదు, మన సంఘం కాదు, మన భాష కూడా కాదు.

ప్రతి శ్రీరామనవమికీ పందిళ్లు వేస్తాం కదా. యుద్ధకాండలో లక్ష్మణుడు పడిపోతే రాముడు ఇక యుద్ధం ఎందుకు, సీత దొరికి మాత్రం ఏం లాభం అనేదాకా వెళ్లాడు. పది రోజుల మైల లెక్క ఆయనకెవరూ చెప్పలేదు.

అన్నదానం అంటారా, అక్క పేరు మీద ఎప్పుడు చేయాలో మేం చూసుకుంటాం.

నిధి నిబంధనల్లో కుటుంబం అన్నచోట "తోబుట్టువులు" అని చేర్చాలని వచ్చే సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి గారికి రాతపూర్వకంగా ఇచ్చాం. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ రోజు హాల్లో లేచి చెప్పండి. ఫోటో తీసేయమని కూడా కొందరు కబురు పెట్టారు. స్టేటస్ ఎప్పుడో పోయింది కాబట్టి అదే ఫోటో ఇక్కడ పెడుతున్నాం. మా చేతుల్లో మూడు గ్లాసులు, బానెట్ మీద ఉన్న నాలుగోది అక్కది.